ఇటాలిక్ అక్షరం: పాఠ్యలిపి నుంచి పరాయితనపు గుర్తు దాకా

వ్యాససంగ్రహం

ఆంగ్ల రచనలో ఏ పదాన్ని ఇటాలిక్ అక్షరాలలో ముద్రించాలి అనే ప్రశ్నను సాధారణంగా శైలీనియమాల గ్రంథాలు పరిష్కరించే సాంకేతిక విషయంగా భావిస్తాం. అయితే ఆ నియమాలకు ఐదు శతాబ్దాల చరిత్ర ఉంది. 1501లో వెనిస్ నగరంలో పూర్తిస్థాయి పాఠ్యలిపిగా వెలువడిన ఇటాలిక్, ఆంగ్ల ముద్రణలో క్రమంగా రోమన్ లిపికి అనుబంధమై, భేదాన్ని సూచించే గుర్తుగా మారింది. ఆ భేదాలలో ఒకటి స్వదేశీ, పరదేశీ పదాల మధ్య గీసిన సరిహద్దు. ఈ పరిణామాన్ని పరిశీలించి, తెలుగు సమాజాన్ని గురించి ఆంగ్లంలో రాసే పరిశోధకులు ఇటాలిక్‌ను ఏ ప్రాతిపదికన వాడడం సమంజసమో నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: ఇటాలిక్ లిపి, ముద్రణ చరిత్ర, ఆల్డస్ మనూషియస్, నిఘంటు నిర్మాణం, లిప్యంతరీకరణ, పరిశోధన రచనాపద్ధతి.

1. ఉపోద్ఘాతం

మద్రాసు ప్రెసిడెన్సీ భూమిశిస్తు చరిత్రపై ఆంగ్లంలో సిద్ధాంతవ్యాసం రాసే పరిశోధకుడు మొదటి అధ్యాయంలోనే ఒక చిక్కును ఎదుర్కొంటాడు. కంపెనీ రికార్డులలోని 'రయట్' అనే రూపం ఆంగ్ల నిఘంటువులలో ఉంది కనుక దానిని నిలువు అక్షరాలలో ముద్రించాలి. రైతు నోటి మాటను ఉన్నదున్నట్టు రోమన్ లిపిలో 'రైతు' అని రాస్తే, ఆ రూపం నిఘంటువులో లేదు కనుక ఇటాలిక్ చేయాలి. రెండూ ఒకే మనిషిని సూచించే ఒకే పదపు రూపాలు. దొర చెవిన పడి మారిన రూపం నిటారుగా నిలబడుతుంది. ఊళ్లో పలికే రూపం పక్కకు ఒరుగుతుంది.

నిజానికి 'రైతు' కూడా అరబ్బీ, పారశీక భాషల మీదుగా తెలుగులోకి వచ్చిన పదమే. తెలుగు ఆ పదాన్ని స్వీకరించినప్పుడు దానికి ఏ ప్రత్యేక చిహ్నమూ తగిలించలేదు. ఆంగ్ల ముద్రణ సంప్రదాయం మాత్రం అటువంటి చిహ్నాన్ని ఎందుకు కోరుతుంది? ఆ కోరిక ఎప్పుడు పుట్టింది? ఈ ప్రశ్నలకు సమాధానం ఇటాలిక్ చరిత్రలో వెతకాలి.

2. వెనిస్‌లో ఆవిర్భావం

ఇటాలిక్ అచ్చులోకి రాకముందు చేతిరాతగా ఉండేది. పదిహేనవ శతాబ్దపు ఇటలీలో మానవతావాద పండితులు ప్రాచీన లాటిన్ గ్రంథాలకు ప్రతులు రాసుకోవడానికి, కలం ఎక్కువగా ఎత్తకుండా వేగంగా సాగే, కొద్దిగా కుడివైపుకు వాలిన లేఖనశైలిని అలవరచుకున్నారు. ఫ్లారెన్స్ పండితుడు నికొలో నికొలీ పేరు ఈ శైలితో ముడిపడి ఉంది. కార్యాలయ లేఖకులు కూడా ఈ తరహా రాతనే వాడారు.

వెనిస్ ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ ఈ చేతిరాతను అచ్చు అక్షరంగా మలిపించాడు. ఆ అక్షరాల ఉక్కు ముద్రలను చెక్కినవాడు బొలోన్యా నగరానికి చెందిన ఫ్రాంచెస్కో గ్రిఫో. 1500లో ఆల్డస్ ప్రచురించిన సియెనా కేథరిన్ లేఖల సంపుటిలోని చిత్రంలో ఈ అక్షరాలతో కూర్చిన కొద్ది మాటలు మొదట కనిపించాయి. 1501 ఏప్రిల్‌లో వెలువడిన వర్జిల్ కావ్యసంపుటి మాత్రం ఆద్యంతం ఈ అక్షరాలలోనే ముద్రితమైంది. చేతిలో ఇమిడే చిన్న పరిమాణంలో వచ్చిన ఆ గ్రంథమాలలో హోరేస్, పెట్రార్క్, డాంటే రచనలు కూడా వెలువడ్డాయి.

కాగితం పొదుపు కోసమే ఈ ఇరుకు అక్షరాన్ని రూపొందించారన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. కాని ఈ మాలలో మొదట వచ్చిన వాటిలో చాలావరకు కావ్యాలే. అక్షరం ఎంత ఇరుకైనా పద్యంలో ఒక్కొక్క పాదానికి ఒక్కొక్క పంక్తి కేటాయించక తప్పదు. కనుక పొదుపు ఒక్కటే కారణమని చెప్పలేం. పండితుడు తన చేత్తో రాసుకున్న ప్రతిని తలపించే గౌరవాన్ని అచ్చుపుస్తకానికి కల్పించడం కూడా ఇందులోని ఉద్దేశమని భావించడం సమంజసం.

ఇక్కడ రెండు అంశాలు గమనించాలి. మొదటిది, ఆల్డస్ పుస్తకంలో ఇటాలిక్ దేనికీ భిన్నమైనది కాదు. పుస్తకమంతా అదే కనుక అది ఏ పదాన్నీ ప్రత్యేకించి చూపదు. ఆ పుటలో వేరుగా కనిపించేవి నిటారుగా నిలిచిన చిన్న పెద్దక్షరాలే. వాలిన పెద్దక్షరాలు తరువాతి దశాబ్దాలలో వాడుకలోకి వచ్చాయి. రెండవది, ఈ అక్షరానికి వెంటనే అనుకరణలు పుట్టాయి. 1502లో వెనిస్ సెనేట్ ఆల్డస్‌కు ప్రత్యేక హక్కు ఇచ్చినా, ఫ్రాన్సులోని లియోన్ ముద్రాపకులు అదే తరహా అక్షరాలతో అవే గ్రంథాలను ముద్రించారు. 1503లో ఆల్డస్ ఆ నకళ్లలోని తప్పులను ఎత్తిచూపుతూ పాఠకులకు హెచ్చరిక ప్రకటించవలసి వచ్చింది. ఇటలీ వెలుపలి దేశాలలో స్థిరపడిన 'ఇటాలిక్' అనే పేరు ఆ అక్షరం పుట్టిన దేశాన్నే సూచిస్తుంది. ఇటాలియన్ భాషలో దానిని 'కొర్సివో' అంటారు, అంటే గొలుసుకట్టు రాత. తన దేశంలో రాతతీరును బట్టి, పరదేశంలో పుట్టిన చోటును బట్టి పేరు పొందిన ఈ అక్షరమే తరువాత పరదేశీ పదాలకు గుర్తు కావడం చరిత్రలోని వైచిత్రి.

3. రెండు లిపుల సహజీవనం

పదహారవ శతాబ్దంలో ఐరోపా ముద్రాపకులు ఒకే పుస్తకంలో రోమన్, ఇటాలిక్ అక్షరాలను కలిపి వాడడం ప్రారంభించారు. ముందుమాట, అంకితం, పద్యాలు, ఉల్లేఖనలు ఇటాలిక్‌లోను, ప్రధాన వచనం రోమన్‌లోను ఉండే ఏర్పాటు నెలకొంది. అప్పటికి ఇటాలిక్ గ్రంథభాగాలను వేరుచేసేది. ఒకే వాక్యంలోని పదాలను వేరుచేసే పని తరువాత దాని మీద పడింది.

ఇంగ్లండులో ఇటాలిక్ 1520లలో కనిపిస్తుంది. అక్కడ దీనిని తొలిసారి వాడినవాడుగా ముద్రాపకుడు వింకిన్ డి వర్డ్‌ను పేర్కొంటారు. అయితే ఆనాటి ఆంగ్ల వచనానికి ప్రధాన లిపి బ్లాక్‌లెటర్ అనే దట్టమైన గోథిక్ అక్షరం. ఆ నల్లని పుటలో ఏదైనా పదాన్ని వేరుచేసి చూపాలంటే నేడు మనం సాధారణమనుకునే నిలువు రోమన్ అక్షరమే వాడేవారు. అంటే వేరుచేసే శక్తి ఒక అక్షరం ఆకారంలో లేదు. ప్రధాన లిపి ఏదన్న దానిని బట్టి అది నిర్ణయమవుతుంది.

దీనికి బైబిలు అనువాదాల చరిత్ర స్పష్టమైన నిదర్శనం. 1560 నాటి జెనీవా బైబిలు రోమన్ అక్షరాలలో ముద్రితమైంది. మూల హీబ్రూ, గ్రీకు పాఠాలలో లేకున్నా ఆంగ్ల వాక్యం పూర్తి కావడానికి అనువాదకులు చేర్చిన మాటలను అందులో ఇటాలిక్‌లో చూపారు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు బ్లాక్‌లెటర్‌లో వచ్చింది కనుక చేర్చిన మాటలకు చిన్న రోమన్ అక్షరాలు వాడారు. ఆ బైబిలునే రోమన్ అక్షరాలలో ముద్రించినప్పుడు ఆ మాటలు ఇటాలిక్‌లోకి మారాయి. ఇది మూలంలో లేని మాట అని తెలిపే నిజాయితీ గుర్తు అది. ఈ సంగతి తెలియని పాఠకుడు అవే మాటలను నొక్కి చదివితే, మూలంలో లేని మాటకే ఎక్కువ బరువు ఇచ్చినవాడవుతాడు.

4. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాలు: సంజ్ఞానామాలు, ఊనిక

1623లో వెలువడిన షేక్‌స్పియర్ నాటకాల తొలి ఫోలియోలో పాత్రల పేర్లు, రంగసూచనలు, పాత్రలు చదివే లేఖలు ఇటాలిక్‌లో కనిపిస్తాయి. జోసెఫ్ మోక్సన్ 1683-84లో ప్రచురించిన ముద్రణకళా గ్రంథంలో సంజ్ఞానామాలను ఇటాలిక్‌లో కూర్చాలని, ఊనిక గల పదాలకూ అదే వాడాలని వివరించాడు. మనుషుల, ఊళ్ల పేర్లను వాలు అక్షరాలలో ముద్రించే ఈ ఆచారం పద్దెనిమిదవ శతాబ్దం మధ్యకాలం వరకు బలంగా సాగి, తరువాత సన్నగిల్లింది.

ఈ వివరం చరిత్ర పరిశోధకులకు నేరుగా ఉపయోగపడుతుంది. పద్దెనిమిదవ శతాబ్దపు తొలి అర్ధంలోని ఆంగ్ల ముద్రిత గ్రంథంలో ఒక భారతీయ నగరం పేరు ఇటాలిక్‌లో కనిపిస్తే, రచయిత దానిని పరాయిదిగా చూశాడని గాని, నొక్కి చెప్పాడని గాని నిర్ణయించకూడదు. అదే పుటలో లండన్ కూడా ఇటాలిక్‌లోనే ఉండవచ్చు. ఆనాటి ఇటాలిక్ పేరును పేరుగా గుర్తించేది. దాని వెనుక రచయిత దృక్పథం కన్నా అక్షరాలు కూర్చే కార్మికుడి అలవాటు ఎక్కువగా ఉండేది.

ఊనిక విషయంలో మరొక అంశం ఉంది. ఆంగ్లంలో మాట్లాడేటప్పుడు ఏ పదాన్ని నొక్కి పలికితే దానిని బట్టి వాక్యార్థం మారుతుంది. సాధారణ లిపిలో ఆ నొక్కు కనిపించదు. ఆ లోటును ఇటాలిక్ పూరిస్తుంది. తెలుగులో ఆ పనిని వ్యాకరణమే చాలావరకు చేస్తుంది. 'రాముడు వచ్చాడు' అన్న వాక్యంలో కర్తను నొక్కి చెప్పాలంటే 'రాముడే వచ్చాడు' అంటాం. అవధారణార్థకమైన ఏకారం, పదక్రమంలో మార్పు ఆ అర్థాన్ని అందిస్తాయి. ఇటాలిక్ లేకపోవడం తెలుగు ముద్రణకు పెద్ద కొరతగా అనిపించకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

5. నిఘంటువు, పౌరసత్వం

సంజ్ఞానామాల బాధ్యత తొలగిపోతున్న కాలంలోనే ఇటాలిక్‌కు మరొక బాధ్యత సిద్ధాంతరూపం పొందింది. సామ్యూల్ జాన్సన్ 1747లో చెస్టర్‌ఫీల్డ్ ప్రభువుకు సమర్పించిన నిఘంటు ప్రణాళికలో, ఆంగ్లంలోకి వచ్చిన పరభాషా పదాలను రెండు తరగతులుగా విభజించాడు. భాషలో కలిసిపోయి పౌరసత్వం పొందినవి ఒక తరగతి. ఇంకా పరదేశులుగానే ఉన్నవి రెండవది. మొదటివాటిని సాధారణ అక్షరాలలోను, రెండవవాటిని ఇటాలిక్‌లోను ముద్రించడం తగునని ఆయన ప్రతిపాదించాడు. పదాలను గురించి చెప్పడానికి ఆయన ఎన్నుకున్న పరిభాష రాజ్యానికి, చట్టానికి చెందినది.

పందొమ్మిదవ శతాబ్దంలో జేమ్స్ మర్రే ఈ విభజనను మరింత సూక్ష్మం చేశాడు. 1884లో భాగాలుగా వెలువడడం ప్రారంభమై, తరువాత ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుగా పేరొందిన గ్రంథంలో ఆయన పదాలను నాలుగు రకాలుగా వర్గీకరించాడు: పుట్టుకతో పౌరులు, స్థిరనివాసులు, పరదేశులు, అప్పుడప్పుడు వచ్చిపోయేవి. పూర్తిగా కలిసిపోని పదాలకు ముందు రెండు నిలువు గీతలు ఉంచే పద్ధతి ఆ నిఘంటువులో ఉండేది. ఈ తరగతుల మధ్య స్థిరమైన హద్దు లేదని, పదాలు ఒక తరగతి నుంచి మరొక తరగతికి సాగిపోతుంటాయని మర్రే స్వయంగా అంగీకరించాడు. హద్దు కదిలేదే అయినా, ముద్రాపకుడు ప్రతి పదం దగ్గర అవుననో కాదనో తేల్చవలసిందే. అక్షరం నిలువుగానైనా ఉండాలి, వాలుగానైనా ఉండాలి; మధ్యస్థితి లేదు.

6. నియమాల స్థిరీకరణ

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయంలో హోరేస్ హార్ట్ 1893లో తన కార్మికుల కోసం రూపొందించిన నియమావళి 1904లో బయటి పాఠకులకు అందుబాటులోకి వచ్చింది. చికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయపు శైలీగ్రంథం తొలి కూర్పు 1906లో వెలువడింది. ముద్రణాలయాల అంతర్గత అలవాట్లు ఈ విధంగా విద్యాలోకపు సార్వత్రిక నియమాలయ్యాయి.

నేడు స్థిరపడిన ప్రధాన వినియోగాలు ఇవి: గ్రంథాల, పత్రికల, చలనచిత్రాల శీర్షికలు, ఓడల పేర్లు, జీవజాతుల శాస్త్రీయ నామాలు, గణితంలో చలరాశులు, న్యాయరచనలో వ్యాజ్యాల పేర్లు, పదాన్ని పదంగా ప్రస్తావించడం, ఊనిక, పాఠకులకు పరిచయం లేని పరభాషా పదాలు. పరభాషా వ్యక్తినామాలను, స్థలనామాలను ఇటాలిక్ చేయరు. చికాగో సంప్రదాయం ప్రకారం, ఒక రచనలో పదేపదే వచ్చే పరభాషా పదాన్ని తొలి ప్రస్తావనలో ఇటాలిక్ చేస్తే చాలు.

టైపుయంత్రంలో వాలు అక్షరాలు సాధారణంగా ఉండవు కనుక, రాతప్రతిలో పదం కింద గీత గీస్తే అది ఇటాలిక్ చేయమని ముద్రాపకుడికి సూచన అయ్యేది. మన విశ్వవిద్యాలయాలలో టైపు చేసి సమర్పించిన పాత సిద్ధాంతవ్యాసాలలో గ్రంథనామాల కింద కనిపించే గీతలకు మూలం ఇదే. ఎం.ఎల్.ఏ. కరదీపిక 2009లో ఏడవ కూర్పుతో కిందిగీతకు బదులు ఇటాలిక్‌ను సిఫారసు చేసింది.

7. అక్షరంలోని అర్థం: మాక్స్ ముల్లర్ ఉదాహరణ

భారతీయ విద్యల చరిత్రలో ఇటాలిక్ పూర్తిగా భిన్నమైన మరొక బాధ్యతను మోసింది. మాక్స్ ముల్లర్ 1854లో ప్రతిపాదించిన 'మిషనరీ వర్ణమాల'లో, అక్షరాల మీద, కింద చుక్కలు పెట్టడానికి బదులు పదం మధ్యలోని కొన్ని అక్షరాలను మాత్రమే ఇటాలిక్ చేసి ధ్వనిభేదాన్ని చూపారు. ఇటాలిక్ 'క'కారం చకారానికి, ఇటాలిక్ 'గ'కారం జకారానికి, ఇటాలిక్ 'త', 'ద'లు మూర్ధన్యాలైన ట, డలకు సంకేతాలు. ప్రత్యేక అక్షరాలు పోత పోయించే ఖర్చు లేకుండా సాధారణ ముద్రణాలయంలో దొరికే సామగ్రితోనే పని జరగడం ఈ పద్ధతిలోని సౌలభ్యం.

ఆయన సంపాదకత్వంలో 1879 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో వెలువడిన 50 సంపుటాల ప్రాచ్య పవిత్రగ్రంథమాల ఈ పద్ధతినే అనుసరించింది. అందులో ఛాందోగ్యం రోమన్ లిపిలో 'ఖాందోగ్య' అన్నట్టు ఉంటుంది. తొలి హల్లు ఇటాలిక్‌లో ఉన్నప్పుడే అది ఛకారమని తెలుస్తుంది. జైన అన్న పదం అదే రీతిలో 'గైన' అయింది. ఆ గ్రంథాలను సాదా పాఠంగా అంతర్జాలానికి ఎక్కించినప్పుడు ఇటాలిక్ జారిపోతే మిగిలేవి ఖాందోగ్యం, గైనసూత్రాలు. ఇక్కడ ఇటాలిక్ అలంకారం కాదు, వర్ణం. పాత ముద్రణల నుంచి ఉల్లేఖించేటప్పుడు అక్షరరూపాన్ని కూడా పాఠంలో భాగంగా ఎందుకు చూడాలో చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ అక్కరలేదు.

8. నిఘంటు ప్రమాణపు పరిమితి

పరభాషా పదం విషయంలో నేటి సంపాదకులు సాధారణంగా పాటించే ప్రమాణం నిఘంటువు. ప్రామాణిక ఆంగ్ల నిఘంటువులో ఉన్న పదం నిలువుగా, లేనిది వాలుగా ఉంటుంది. సంపాదకుడికి ఇది సౌకర్యంగా ఉంటుంది, వివాదానికి తావుండదు. కాని తెలుగు నేల చరిత్ర రాసేటప్పుడు దీని ఫలితం విచిత్రంగా పరిణమిస్తుంది.

కంపెనీ పాలనకు అవసరమైన మాటలు ఆంగ్ల నిఘంటువులలో చేరాయి. జమీందారు, రయట్, పోలిగార్ అటువంటివి. యూల్, బర్నెల్ 1886లో ప్రచురించిన హాబ్సన్-జాబ్సన్ కోశం ఆ పదజాలాన్ని గుదిగుచ్చి చూపుతుంది. పాలన దృష్టికి రాని, లేదా పట్టని జీవనరంగాల మాటలు అంతగా చేరలేదు. అందువల్ల ఒకే వాక్యంలో పోలిగార్ నిలువుగాను, పాలెగాడు వాలుగాను కనిపిస్తాయి. పందికొక్కు ఇటాలిక్‌లో ఉంటుంది. ఆ తెలుగు మాట నుంచే పుట్టిన 'బాండికూట్' మాత్రం నిలువు అక్షరాలలో ఏనాటి నుంచో ఆంగ్ల పౌరురాలు. నిఘంటు ప్రమాణం తటస్థంగా కనిపించినా, ఏ పదం ఎవరి అవసరం వల్ల నమోదైందన్న చరిత్రను అది తనలో దాచుకొని ఉంటుంది.

సృజనాత్మక సాహిత్యంలో ఈ నియమాన్ని నిరాకరించిన రచయితలున్నారు. డొమినికన్ అమెరికన్ రచయిత జూనో డియాజ్ 2007 నాటి ఆస్కార్ వావో నవలలో స్పానిష్ మాటలను ఆంగ్లంతో పాటు నిలువు అక్షరాలలోనే ఉంచాడు. ఆ కథకుడి నోట రెండు భాషలూ విడివిడిగా లేనప్పుడు, అచ్చులో విడదీయడం ఆ గొంతును వక్రీకరించడమే అవుతుంది.

అయితే నవలకు వర్తించే వాదం పరిశోధనకు యథాతథంగా వర్తించదు. పరిశోధకుడు పదాలను వాడడమే కాక, వాటిని పరిశీలనావస్తువులుగా కూడా ముందుంచుతాడు. 'రైతు' అనే మాట ఏ శాసనంలో, ఏ అర్థంలో వచ్చిందని చర్చించేటప్పుడు దానిని ఇటాలిక్ చేయడం సబబే. అక్కడ అది పదంగా ప్రస్తావితమైంది. ఆ తరువాతి పుటలలో రైతులు శిస్తు కట్టలేక వలసపోయారని రాసేటప్పుడు అది మనుషులను సూచిస్తుంది. అక్కడ అక్షరం వాలవలసిన పనిలేదు. కాబట్టి ఇటాలిక్‌కు ప్రాతిపదిక పదపు పుట్టుక కాకుండా, ఆ వాక్యంలో అది నిర్వహించే పని కావడం సమంజసం. ఉచ్చారణను కచ్చితంగా తెలపవలసి వస్తే ఆ బాధ్యత లిప్యంతరీకరణ చిహ్నాలది; ఇటాలిక్ దానికి ప్రత్యామ్నాయం కాదు.

9. తెలుగు ముద్రణలో వాలు అక్షరం

తెలుగు ముద్రణ సంప్రదాయంలో ఇటాలిక్‌కు సమానమైన స్వతంత్ర లిపి ఏర్పడలేదు. గ్రంథనామాలకు ఉల్లేఖన చిహ్నాలు, ముఖ్యపదాలకు ముద్దక్షరాలు వాడడం పరిపాటి. కంప్యూటర్ వచ్చాక ఒక మీట నొక్కితే తెలుగు అక్షరమూ వాలుతోంది. కాని అది ఇటాలిక్ కాదు. ఆంగ్ల ఇటాలిక్‌లో అక్షరాల ఆకృతే వేరు. దాని వెనుక ఒక చేతిరాత ఉంది. తెలుగులో యంత్రం చేసేది నిలువు అక్షరాన్ని పక్కకు ఒరిగించడం మాత్రమే. ఆంగ్ల శైలీగ్రంథాల నియమాలను తెలుగు వ్యాసాలకు యాంత్రికంగా వర్తింపజేసి, గ్రంథనామాలను ఒరిగించడం కన్నా స్థిరపడిన ఉల్లేఖన చిహ్నాలను నియతంగా వాడడం మేలు.

10. ముగింపు

ఇటాలిక్ చరిత్ర నుంచి ఈ వ్యాసం కింది నిర్ణయాలకు వచ్చింది.

1. ఇటాలిక్‌కు సహజసిద్ధమైన అర్థం లేదు. పాఠ్యలిపి, చేర్చిన మాట, సంజ్ఞానామం, ఊనిక, పరభాషా పదం, ధ్వనిభేదం: కాలాన్ని బట్టి, గ్రంథాన్ని బట్టి దాని అర్థం మారింది. పాత ముద్రణలను ఆధారాలుగా గ్రహించేటప్పుడు ఆ కాలపు ఆచారం తెలుసుకున్న తరువాతే దానిని వ్యాఖ్యానించాలి.

2. ఉల్లేఖనలో మూలంలోని ఇటాలిక్‌ను నిలపాలి. తీసివేస్తే ఆ సంగతి చెప్పాలి. ఊనిక పరిశోధకుడు చేర్చినదైతే అదీ స్పష్టం చేయాలి. జెనీవా అనువాదకులు చేర్చిన మాటల విషయంలో చూపిన జాగ్రత్త ఇదే.

3. తెలుగు పదాలను ఆంగ్లంలో వాడేటప్పుడు నిఘంటువులో ఉనికి ఒక్కటే ప్రమాణం కారాదు. పదాన్ని పదంగా చర్చించే చోట, తొలిసారి అర్థం వివరించే చోట ఇటాలిక్ వాడి, తరువాత నిలువు అక్షరాలలో కొనసాగించవచ్చు. పాటించిన పద్ధతిని పీఠికలో ఒక వాక్యంలో ప్రకటిస్తే, పరీక్షకుడికీ పాఠకుడికీ సందేహం ఉండదు.

రైతును గురించి రాసే గ్రంథంలో రైతు పరదేశి కాదు. ఆ గ్రంథం ఆంగ్లంలో ఉన్నంత మాత్రాన అతని పేరు ప్రతి పుటలోనూ ఒరిగి ఉండనక్కరలేదు.